చుట్టం ఎవరికోసం వచ్చాడు

సోమవారం

చుట్టం వచ్చాడు.

ఇడ్లీ రేకులు కడుగుతుంటే ఊరి గేటు గంట మోగింది. కిటికీలోంచి చూస్తే ఎర్రమట్టి మైదానం మీద మాస్కు లేకుండా ఒక మనిషి నడిచి వస్తున్నాడు. ఈ గ్రహం మీద ఊరి కప్పు దాటి బయటి గాలి పీల్చి బతికే ప్రాణి లేదు. మాస్కు లేకుండా నడిచేది చుట్టం ఒక్కడే.

ఎవరికైనా రోజులు దగ్గరపడితే వస్తాడు. ఒకటి రెండు రోజులు ఊళ్ళో ఉంటాడు. వేళ అయినప్పుడు ఆ మనిషి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోతాడు. అసలు పేరు నోటితో అనలేక మావాళ్ళు చుట్టం అన్నారు, అదే నిలిచిపోయింది. భూమ్మీద ఉన్న రోజుల్లో వీళ్ళు ఎవరికీ కనపడేవాళ్ళు కాదట. ఇక్కడి ఊదారంగు ఎండలో కనపడతారు. ఎందుకో చెప్పగలిగినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు.

మా ఉప్పుగుంటకి ఎప్పుడూ ఇతనే వస్తాడు. దిగేది మా సత్రంలోనే. ఉన్నన్నాళ్ళూ రోజువారీ రాసి పెట్టడం సత్రం నడిపేవాళ్ళ పని. ముందు అమ్మ రాసేది. ఆమె పోయాక నేను రాస్తున్నాను. నా పేరు గౌరీశ్వరి.

గేటు కాసే సింహాచలం అన్నయ్య తలుపు తీశాడు. చుట్టానికి తలుపు తియ్యనని ఎవరూ అనరు. తియ్యకపోతే పోవలసినవాళ్ళు పోలేక, నరకం చూస్తారు.

"గౌరమ్మా, మీవోడొచ్చీసేడు," అన్నాడు సింహాచలం నవ్వుతూ. నవ్వాడే గానీ అతని కళ్ళు పెళ్ళాం ఎక్కడుందా అని వెతుకుతున్నాయి. చుట్టం వచ్చిన రోజు ఊళ్ళో అందరి కళ్ళూ అలాగే వెతుకుతాయి.

గేటు తలుపు మూసుకోనని మొరాయించింది. సింహాచలం ఆకురాయి తెచ్చి అంచు గీకాడు. ఈ మధ్య రోజూ అదే గొడవ.

చుట్టం వంటింటి గుమ్మంలో నిలబడి, "బాగున్నావా?" అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. ఈసారి నా మొహంకేసి చూడకుండా అన్నాడు.

మంగళవారం

వెల్లుల్లి ఒలవడంలో సాయం చేశాడు. బల్లకి ఆ పక్క అతను, ఈ పక్క నేను. రేకలు మధ్యలో గిన్నెలో పడేస్తాడు. నేను చెయ్యి పెట్టే వేళకి తన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. చుట్టం ముట్టుకుంటే అంతే, ఇక వెనక్కి రావడం ఉండదు.

అమ్మ కోసం వచ్చినప్పుడు మొదటిసారి మాట్లాడాను అతనితో. అమ్మ మంచం దగ్గర కూర్చుని, "నువ్వు ఉంటావా, పక్కకి వెళ్తావా?" అని నన్ను అడిగాడు. నేను ఏడుస్తూ తిట్టాను. తిట్లన్నీ విని, "ఆమెకి దుప్పటి సరిచెయ్యి. చలిగా ఉందంటోంది," అన్నాడు. అమ్మకి అప్పటికి మాట పడిపోయి చాలా రోజులైంది. ఆమె మాట విన్నవాడు ఇతనొక్కడే. ఆ రోజునుంచి అతని మీద నా కోపం నిలవలేదు.

తర్వాత మంచుగనిలో ఒకరికోసం, కాన్పులో ఒకామె కోసం, ముసలి పంతులుగారి కోసం వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ పని కాగానే వెళ్ళిపోకుండా మా వంటింట్లో కాసేపు కూర్చునేవాడు. నాకు నలభై దాటాయి. పెళ్ళి మాటలు ఎత్తేవాళ్ళు ఎత్తి ఎత్తి మానేశారు. ఈ వయసులో నేను కిటికీ దగ్గర నిలబడి మైదానంకేసి చూడటం మొదలెట్టాను.

ఎంత పాపిష్టి ఎదురుచూపో నాకు తెలుసు. అతను రావాలంటే ఊళ్ళో ఎవరో ఒకరు పోవాలి. ఆ మాట ఒకసారి అతనితోనే అనేశాను.

"నాకూ అంతే," అన్నాడు. "ఉప్పుగుంట అని వినపడగానే ముందు సంతోషం వేస్తుంది. తర్వాత ఎవరో ఒకరి మొహం గుర్తొస్తుంది."

అంతకంటే ఎక్కువ మేం ఎప్పుడూ చెప్పుకోలేదు. చెప్పుకోకపోయినా ఇద్దరికీ తెలుసు.

ఈరోజు ఎవరింటికీ వెళ్ళలేదు అతను. ఊళ్ళో జబ్బుగా ఉన్నవాళ్ళు కూడా ఎవరూ లేరు.

బుధవారం

ఇంకా ఎవర్నీ తీసుకెళ్ళలేదు.

ప్రెసిడెంటు తవిటినాయుడుగారు సత్రానికి వచ్చారు. గని కూడా ఆయనే చూస్తారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టకుండా చేతిలోనే తిప్పుతూ ఉండిపోయారు.

"అమ్మా, జనం పనికి పోడం లేదు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకు కూకున్నారు. ఎవరికోసమొచ్చాడో ఓసారి అడుగు."

"చెప్పడండీ. వేళ కాకుండా చెప్పకూడదు వాళ్ళు."

"నీకు చెప్తాడేమో. ఊరంతా అనుకుంటున్న మాటే నేనూ అంటున్నాను, ఏమీ అనుకోకు."

అడిగాను. అతను కిటికీ పక్కన నిలబడి వీధిలోకి చూస్తున్నాడు.

"అడక్కు గౌరీ," అన్నాడు. నాకేసి తిరిగి, "తాడివలసలో మీ చెల్లెలుంది కదా. రేపటి బండికి వెళ్ళి చూసి రాకూడదూ?"

నన్నెప్పుడూ ఎక్కడికీ వెళ్ళమనలేదు అతను. ఉన్న కాస్త సమయమూ నేను ఎదురుగా ఉండాలనే చూసేవాడు.

అయితే నాకోసమే వచ్చాడు. అలా అనుకోగానే గరిటె పక్కన పెట్టేశాను. కూర్చుని తలుచుకుంటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అది రాయడానికే సిగ్గుగా ఉంది. ఎలాగూ పోవాలంటే అతని చెయ్యే కదా పట్టుకునేది.

గురువారం

భయం ముదిరింది. పొద్దున్న ఎవరో సత్రం కిటికీ మీదికి రాయి విసిరారు. మధ్యాహ్నానికి గనిలో పనిచేసే వాళ్ళు పలుగులు పట్టుకుని గుమ్మం ముందుకొచ్చారు.

"బయటికి పంపీవే! ఆడు ఊళ్ళో లేకపోతే ఎవులూ చావరు!"

"పంపితే మళ్ళీ రాడేటి? తలుపు మూస్తే మంచం మీదున్నోడు నరకం చూస్తాడు, మీకు తెలీదేటి?" అని వాళ్ళకి అడ్డంగా నిలబడింది సింహాచలం భార్య అప్పలనరసమ్మ. ఆమె కూడా గేటు కాస్తుంది, మొగుడూ పెళ్ళాలు చెరో పూట. వాళ్ళు గొణుక్కుంటూ పోయాక నా పక్కకొచ్చి, గొంతు తగ్గించి, "ఒలే గౌరమ్మా, నీకోసమేటే?" అంది.

"ఏమో వదినా. అలాగే ఉంది."

ఆమె నన్ను దగ్గరకి తీసుకుంది. ఏడ్చింది కూడా. తర్వాత ఆమె మొహంలో, తమ ఇంట్లో ఎవరికోసమూ కాదన్న ఊరట కనపడింది. తప్పు పట్టలేదు నేను. ఆమె స్థానంలో ఉంటే నాకూ అదే ఊరట కలిగేది.

పెరుగు తోడుపెడుతుంటే చూశాను, గిన్నెలో పాలు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. బల్ల కాలు కింద అట్టముక్క పెట్టాను. ఇవాళ రెండోసారి పెట్టడం.

శుక్రవారం

ఇది తాడివలసలో, చెల్లెలింట్లో కూర్చుని రాస్తున్నాను.

పొద్దున్న అతను సత్రంలో లేడు. వెతుక్కుంటూ వీధిలోకి వెళ్ళాను. మొదటి వరసలో గనివాళ్ళ ఇంటి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. లోపల ఉయ్యాల్లో బిడ్డకేసి చాలాసేపు చూశాడు. తర్వాత పక్కింటి గుమ్మం. ఆ తర్వాత దాని పక్కది. నేను వెనకాలే నడిచాను. ఒక్క ఇల్లు కూడా వదల్లేదు.

ఎవరికోసం వస్తే ఆ ఒక్క గుమ్మం ముందే నిలబడతాడు చుట్టం. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ఇంకో గుమ్మంకేసి కన్నెత్తి చూడడు.

వీధి చివర బడి ఉంది. బడి తలుపు దగ్గర అతన్ని ఆపాను.

"ఒక్కరికోసం కాదు కదూ?"

తలుపు సందులోంచి లోపలి బల్లలకేసి చూశాడు.

"అందరికోసమా?"

తల దించుకున్నాడు. అతని మొహంలో అలాంటి అలసట నేనెన్నడూ చూళ్ళేదు.

"అందుకేనా ముందే వచ్చావు? నిన్ను చూసి భయపడైనా ఊరు వదిలిపోతారని?"

"నా చేతిలో ఉన్నది అంతే గౌరీ. రావడం. నోరు విప్పి చెప్తే చుట్టంగా మిగలను. ఏమవుతానో తెలీదు. చెప్పినవాళ్ళు ఒకరిద్దరున్నారు, వాళ్ళని మళ్ళీ ఎవరమూ చూళ్ళేదు."

అతను చెప్పక్కర్లేకుండానే అందర్నీ ఒప్పించాలనుకున్నాను. పరిగెత్తుకుంటూ ప్రెసిడెంటు ఆఫీసుకి వెళ్ళాను. తవిటినాయుడుగారితోపాటు ఊరి పెద్దలు అక్కడే ఉన్నారు. గేటు గురించి మాట్లాడటానికి సింహాచలం కూడా వచ్చి ఉన్నాడు. చూసిందంతా చెప్పాను.

నాయుడుగారు కొట్టిపారెయ్యలేదు. నుదురు రుద్దుకున్నారు. "చూడమ్మా, నేలా గాలీ చూసే మీటర్లన్నీ బాగానే ఉన్నాయి. బయట దుమ్ముగాలి లేచింది. మూడొందలమందిని ఈ గాలిలో బండెక్కించి, దారిలో పట్టాలు తప్పితే? ఆ చుట్టం వచ్చింది దానికోసమే అయితే? అతను గుమ్మాలకేసి చూశాడని అంతమందిని బయటికి ఎలా తోసెయ్యను? అతని నోటితో చెప్పాడా?"

నేను ఆ మాట ఆలోచించనే లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

"చెప్తాను," అని వెనకనుంచి వినపడింది.

గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను వద్దంటూ ఎదురెళ్ళాను. ముట్టుకుని ఆపలేను కదా. నన్ను తప్పించుకుని పక్కనుంచి లోపలికి వచ్చాడు.

"బండివల్ల కాదు," అన్నాడు. "ఊరి కింద మంచు కరిగిపోయింది. మీ ఇళ్ళ వేడికే కరిగింది. మీటర్లు గట్టిగా ఉన్న చోట పాతి ఉన్నాయి, అందుకే మీకు తెలియడం లేదు. ఈ సాయంత్రం ఊరు మొత్తం దిగిపోతుంది. నాకు వినపడ్డవి అందరి పేర్లూ."

నాయుడుగారే ముందు లేచారు. "సింహాచలం, బండి తెప్పించు. పిల్లలున్నవాళ్ళు ముందు."

ఆ తర్వాత ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదని రాయాలి. వీధి వీధికీ మనుషుల్ని పంపి, సామాను ముట్టుకోనివ్వకుండా జనాన్ని నడిపించారు. బండిలో సగం ఊరే పడుతుంది. మొదటి విడతలో పిల్లలూ ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ వెళ్ళారు. జనాన్ని ఎక్కించడానికి నేను రెండో విడతకి ఆగాను. అప్పలనరసమ్మ మొగుణ్ణి వదలనంటే, "నీ ఎనక బండికే వస్తాను, పోవే," అని సింహాచలమే ఎత్తి ఎక్కించాడు.

బండి తిరిగి వచ్చేసరికి నేల కిందినుంచి మూలుగులాంటి చప్పుడు మొదలైంది. గోడలు పగిలాయి. గేటు చట్రం వంకర తిరిగి, పైకెత్తిన ఇనప తలుపు దానంతటదే కిందికి దిగడం మొదలెట్టింది. అది పూర్తిగా దిగితే బండి బయటికి పోదు. సింహాచలం మాస్కు తగిలించుకుని, తలుపు కింద జాకీ పెట్టి, దాని పిడి మీద బరువంతా వేసి నిలబడ్డాడు.

నేను ఆఖరి పెట్టెలో ఉన్నాను. మా పెట్టె తలుపు కిందినుంచి దాటుతుండగా జాకీ జారింది. చప్పుడొకటే వినపడింది నాకు. వెనక్కి తిరిగి చూస్తే సింహాచలం నేల మీద ఉన్నాడు, కాలు తలుపు కింద ఉంది. దూకబోతే నలుగురు పట్టుకున్నారు.

బండెక్కని చుట్టం ఒక్కడే అతని దగ్గరికి నడుచుకుంటూ వెళ్ళాడు. పక్కన కూర్చున్నాడు. నాకేసి ఒక్కసారి చెయ్యెత్తాడు. తర్వాత దుమ్ములో ఏమీ కనపడలేదు. ఊరు దిగిపోయిన చప్పుడు మాత్రం చాలా దూరం వచ్చాక కూడా వినపడింది.

తాడివలసలో దిగగానే అప్పలనరసమ్మ ఎదురొచ్చింది. ఒక్కొక్క మొహమే చూస్తూ వచ్చి నా దగ్గర ఆగింది.

"మీ అన్నయ్యేడే?"

"ఉండిపోయాడు వదినా."

"ఒక్కడేనా?"

"కాదు. చుట్టం ఉన్నాడు పక్కన."

ఇంకేం అడగలేదు ఆమె. తిన్నగా గేటు దగ్గరికెళ్ళి, అద్దం ముందు కూర్చుంది. అక్కడి గేటు మనిషి పాపం లేపబోయి, ఆమె మొహం చూసి, కుర్చీ ఆమెకే వదిలేసి వెళ్ళాడు.

శనివారం

పొద్దున్న కేకలు వినపడితే గేటు దగ్గరికి పరిగెత్తాను.

దుమ్ముగాలి తగ్గింది. పట్టాల వెంబడి ఒక మనిషి నడిచి వస్తున్నాడు. మాస్కు ఉంది. మాస్కు పట్టీకి తెగిన చోట ఎర్రగుడ్డ చుట్టి ఉంది.

"మా ఆయనే!" అప్పలనరసమ్మ లేచి నిలబడింది. "ఆ గుడ్డ నేను కట్టిందే! మా ఆయనేనే!" చెయ్యి గేటు పిడి మీద వేసింది.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నడక సింహాచలంది కాదు. ఆ నడక ఎవరిదో నాకు ముందే తెలిసింది. ఆమెకి ఒక్క క్షణం తర్వాత తెలిసింది.

వెనకాల పోగైన జనానికీ తెలిసింది. "చుట్టం! మిగిలినోళ్ళ కోసమొచ్చాడు! తలుపు తియ్యొద్దు!"

ఆమె చెయ్యి పిడి మీదనుంచి కిందికి జారింది.

అతను తూలుతున్నాడు. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు. మైదానమంతా గాలిలా తేలిగ్గా నడిచే మనిషి, ఇప్పుడు గుండె పట్టుకుని వంగిపోతున్నాడు. మాస్కు మీద చిన్న దీపం ఎర్రగా ఆరుతూ వెలుగుతోంది. గాలి అయిపోతోందని అర్థం. ఊపిరి పీల్చేవాడికి కదా మాస్కు కావలసింది? అప్పుడు తెలిసింది నాకు, అతను ఏమైపోయాడో.

"వదినా," అన్నాను. ఏమని అడగను? ఆమె మొగుడి మాస్కు అది. నా మనిషిని లోపలికి రానిమ్మని ఆమెని ఏ మొహంతో అడగను?

గేటు ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. అప్పలనరసమ్మ మైకు దగ్గరికి వంగింది.

"మా ఆయన మాస్కు నీకెక్కడిది?"

స్పీకర్లో ముందు ఆయాసమే వినపడింది. తర్వాత మాట. "ఇచ్చాడు."

"లాక్కున్నావా?"

"లేదు. నా కంగారులో నేను చూసుకోలేదు. అతనే చూశాడు. 'ఓరి, నువ్వు ఊపిరి పీలుస్తున్నావురా' అన్నాడు. 'నాకింకెంత సేపు, నువ్వు పెట్టుకో' అని తీసి ఇచ్చాడు."

"నొప్పి పడ్డాడా?"

"పడ్డాడు. కాలు." మళ్ళీ ఆయాసం. "చెయ్యి పట్టుకున్నాక తగ్గింది. నేను ఆఖరుగా పట్టుకున్న చెయ్యి అదే."

"నన్నేటన్నాడు?"

జనం అరుపులు ఆగిపోయాయి. అతను గేటు ముందు నేల మీదికి ఒరిగిపోయాడు. అయిపోయాడనుకున్నాను.

"తిట్టాడు," అన్నాడు. "చెప్పులేసుకోకుండా బండెక్కిందిరా ఆ మొద్దు, అక్కడి నేల మంచులా ఉంటాది, ఎవులైనా చెప్పులిస్తారో లేదో, అని."

అప్పలనరసమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది. నేనూ అప్పుడే చూశాను. ఒట్టి కాళ్ళు. నిన్నటినుంచి ఆ చల్లటి ఇనప నేల మీద అలాగే ఉంది. వేళ్ళు నల్లబడుతున్నాయి.

ఆమె గేటు పిడి రెండు చేతులతో పట్టుకుని లాగింది.

వెనకాల ఎవరో ఏడ్చారు, ఎవరో పరిగెత్తారు. బయటి తలుపు మూసుకుని లోపలి తలుపు సగం తెరుచుకోగానే నేను దూరిపోయాను. "ముట్టుకోకే గౌరమ్మా!" అని ఆమె అరిచింది. నేను ఆగలేదు. అతని మాస్కు ఊడదీసి, చంకల కింద చేతులు వేసి లేవదీశాను. ఒళ్ళు వేడిగా ఉంది. చెమట పట్టి ఉంది. గుండె నా చేతి కింద దడదడలాడుతోంది, నాది కూడా అలాగే కొట్టుకుంటోంది. ఇద్దరమూ ఉన్నాం. ఒకరి చేతులొకరం పట్టుకుని కూడా ఉన్నాం.

అతను దగ్గి దగ్గి, "గొంతు మండుతోంది," అన్నాడు ఆశ్చర్యంగా.

ఆదివారం, చాలా వారాల తర్వాత

చుట్టం లేనప్పుడు రాయక్కర్లేదు గానీ, ఈ ఒక్కటీ రాసి ముగిస్తాను.

ఉప్పుగుంటవాళ్ళం తాడివలస పాత గోదాముల్లో సర్దుకున్నాం. నాయుడుగారు దుప్పట్ల కోసం, పొయ్యిల కోసం రోజూ ఎవరితోనో ఒకరితో పోట్లాడుతూనే ఉన్నారు. అతను నా గదిలోనే ఉంటున్నాడు. మేము పెళ్ళి చేసుకున్నాం, సాక్షి సంతకం నాయుడుగారు పెట్టారు. వీధిలో కొందరు అతన్ని చూసి ఇంకా పక్కకి తప్పుకుంటారు. మొన్న జ్వరం వచ్చింది అతనికి. రెండు రోజుల్లో తగ్గిపోయే జ్వరమే, అయినా నేను తిండి మానేసి మంచం పక్కన కూర్చున్నాను. ఎవరైనా గేటు గంట కొడితే నా గుండె ఆగిపోయేది. ఈ భయం ఇంతమంది ఇన్నాళ్ళుగా మోస్తున్నారని నాకు తెలీదు.

అప్పలనరసమ్మ కాలి వేళ్ళు రెండు తీసెయ్యాల్సి వచ్చింది. మిగిలిన కాలు బాగుంది. గేటు డ్యూటీ దిగాక మా గదికి వస్తుంది. మొదట్లో గుమ్మం దగ్గరే నిలబడేది. ఇప్పుడు లోపలికొచ్చి కూర్చుంటుంది. ఇవాళ కూడా వచ్చింది.

"చెప్పు బాబూ," అంది.

అతను మొదలుపెట్టాడు. "జాకీ జారగానే..."

"అది కాదురా." ఆమె కొంగు సర్దుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది. "తిట్టేడన్నావు చూడు. ఏటేటి తిట్టేడో అన్నీ చెప్పు. ఒక్కటి మానకుండా చెప్పు."

అతను చెప్పాడు. ఆమె నవ్వుతూ వింది. మధ్యలో కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అయిపోయాక, "మళ్ళీ చెప్పు," అంది.